బావి ఉండేది ఇక్కడే

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రాయిని తెచ్చి టీచరమ్మ ఇంటి గేటు పక్కన, ప్రహరీ గోడకు ఆనించి పాతారు. నడుమెత్తు నల్లరాయి. దాని మీద చెక్కిన మాటలు కొన్నే: "ఇక్కడ ఊరి బావి ఉండేది. కరువు ఏట ఊరు విడిచినవారు కడసారి ఇక్కడ నీళ్ళు తాగి బయలుదేరారు. తిరిగి వచ్చినవారు లేరు."

"బావి ఉన్నది అక్కడ కదయ్యా," అంది టీచరమ్మ, తారు రోడ్డు నడిమధ్యకు చెయ్యి చూపించి. తప్పులు దిద్దడం అలవాటైన మనిషి, ఊరుకోలేకపోయింది. "ఇక్కడ అని రాసి ఇంకోచోట పాతితే అబద్ధం కాదూ?"

రోడ్డు మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రాయికేం తెలుసు టీచరమ్మా! అది ఎక్కడుంటే అదే ఇక్కడ. నడిరోడ్డున పాతితే లారీవాళ్ళు ఆగి చదువుకుని పోతారా?"

గేటు దగ్గర నిలబడ్డ ఆమె భర్త నవ్వాడు. "పోనీలే, ఇంటికి గుర్తు చెప్పడం తేలికవుతుంది," అన్నాడు.

ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు. పనిమీద పొరుగూరు వెళ్ళి, అక్కడి బస్టాండులో బల్లమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. కబురు వచ్చేసరికి ఆమె క్లాసులో ఉంది. వెళ్ళేసరికి మొహం మీద గుడ్డ కప్పి ఉంది. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఎన్నో మాటలు చెప్పారు. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆయన్ని ఒకసారి కళ్ళారా చూసి, సాగనంపాలి.

మొదట గిలక చప్పుడు వినిపించింది. పొద్దువాలే వేళ, వంటింటి గచ్చు కిందనుంచి, ఎవరో నీళ్ళు చేదుతున్నట్టు కిర్రుకిర్రుమని. తర్వాత గోడలు చెమ్మగిల్లాయి. ముందుగది గచ్చు పగిలింది. ఆ పగులు మీదికి వంగితే చల్లటి గాలి మొహానికి తగిలేది. గేటు ముందు మట్టిలో తడి పాదాల గుర్తులు కనిపించసాగాయి. చిన్నవీ, పెద్దవీ, అన్నీ ఊరి బయటివైపుకే. ఊళ్ళోకి వచ్చిన పాదం ఒక్కటీ లేదు.

ఒక సాయంత్రం ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి గేటు దిమ్మ మీద పెట్టింది. లోపలికి వెళ్ళి వచ్చేసరికి చెంబు ఖాళీ. ఆమె భయపడలేదు. విడిచి వెళ్ళేవాళ్ళంతా ఇక్కడ నీళ్ళు తాగే పోవాలంటే, ఆయనా రావాలి కదా అనుకుంది. అప్పటినుంచి సాయంత్రమైతే గేటు మెట్టు వదలలేదు.

చూడ్డానికి వచ్చిన తమ్ముడు తల పట్టుకున్నాడు.

"అక్కా, వేలు పెడితే గోడలోకి దిగబడుతోంది! రాయి పాతినప్పుడు కింద ఏ గొట్టమో పగలగొట్టి ఉంటారు. ఇల్లు కూలేదాకా చూస్తూ కూర్చుంటావా?"

"కూలదులేరా."

"ఏం, గోడ నీ చెవిలో చెప్పిందా? బావ చెమటోడ్చి కట్టిన ఇల్లు. నీకు పట్టకపోతే నాకు పట్టదా?"

వాడు కాళ్ళరిగేలా రోడ్ల ఆఫీసు చుట్టూ తిరిగి, రాయి తీసెయ్యడానికి ఒప్పించాడు. "రేపు పొద్దున్నే మేస్త్రి వస్తాడు. అడ్డుపడ్డావో, నా మీద ఒట్టే," అన్నాడు.

ఆమెకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రం.

చెంబు నింపుకుని మెట్టు మీద కూర్చుంది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. కింద గిలక తిరిగింది. ఆమె చెంబు వంచింది. ధార కింద దోసిలి కనిపించింది. పగుళ్ళు బారి, ఎముకలు తేలిన దోసిలి. అది తప్పుకోగానే ఇంకొకటి. తర్వాత ఒక పసిదాని దోసిలి, గుక్కెడు నీళ్ళైనా పట్టనంత చిన్నది. ఆ పిల్లకు చాలాసేపు పోసింది. మొహాలు చూసే ధైర్యం చాలక తల వంచుకునే ఉంది. చెంబు మాత్రం ఖాళీ కావడం లేదు.

అప్పుడొక దోసిలి వచ్చింది. మణికట్టు చుట్టూ, వాచీ తీసేసిన చోట తెల్లటి చార. ఆమె తలెత్తింది.

ఆయనే. ఆ రోజు వేసుకున్న చొక్కానే. దారిన పోయేవాడు నీళ్ళు పోసే మనిషిని ఎలా చూస్తాడో అలా చూశాడు. మర్యాదగా, అంతే.

ఆయనకు చెప్పాలని ఎన్నో మాటలు దాచుకుంది. నోటికి వచ్చింది మాత్రం ఇదే: "నెమ్మదిగా తాగండి. పొలమారుతుంది."

పొలమారనే పొలమారింది. ఆయన దగ్గుతుంటే చప్పున లేచి తల మీద తట్టబోయింది. అరచేతికి తడిసిన రాయి తగిలింది. ఆయన అడుగు దూరంలోనే ఉన్నాడు. దగ్గు తెరిపిచ్చాక అటూ ఇటూ చూశాడు, తనను తలుచుకుంటున్నది ఎవరా అని. వీధి చివరిదాకా చూశాడు. ఆమె వైపు చూడలేదు. మూతి తుడుచుకుని, ముందు వెళ్ళినవాళ్ళ వెనకే నడిచాడు.

దోసిళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆమె కూర్చుని పోసింది.

పొద్దున్నే మేస్త్రి గడ్డపారతో వచ్చాడు. రాయి ఓ పట్టాన కదల్లేదు. తమ్ముడూ ఓ చెయ్యి వేశాడు. వసారాలో నిలబడి చూస్తున్న టీచరమ్మకు ఒట్టు గుర్తుకే రాలేదు. ఇంకొక్క సాయంత్రం ఉండనిస్తే, ఈసారి పేరు పెట్టి పిలిస్తే ఆయన చూస్తాడేమో. "ఆగండి" అనడానికి నోరు తెరిచింది.

అంతలో తమ్ముడు చెమటలు కక్కుతూ గేటు దగ్గరికి వచ్చి, దిమ్మ మీది చెంబు ఎత్తాడు. "చల్లగా ఉన్నాయే!" అంటూ నోటికి పెట్టుకోబోయాడు.

రాతి మీది ఆఖరి మాట గుర్తొచ్చి, ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. చెంబు లాగేసుకుంది.

"ఏంటక్కా! గుక్కెడు నీళ్ళకి కూడా నోచుకోలేదా నేను?"

"తాగావా?"

"ఎక్కడ తాగనిచ్చావ్!"

"నోరు తెరువు."

చిన్నప్పుడు వాడు మట్టి తిన్నాడేమోనని చూసినట్టే, గడ్డం పట్టుకుని చూసింది. పెదవులు ఎండి ఉన్నాయి. వాడు బిత్తరపోయి నిలబడ్డాడు.

ఆమె చెంబెడు నీళ్ళూ రాయి మొదట్లో గుమ్మరించింది. మట్టి తడవలేదు. లోపల, చాలా లోపల, ఎవరో గుటక వేసిన చప్పుడైంది. మేస్త్రి గడ్డపార వదిలేసి వెనక్కి జరిగాడు.

"తియ్యవయ్యా, తొందరగా తియ్యి," అంది టీచరమ్మ, తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని.