అల్లుడి పడవకు బిరడా

గిల్బర్ట్ ఫుర్టాడోకు నోరు పెద్దది. గల్ కోవ్ రేవులో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద చేపలు పట్టే వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అతని కూతురు ఒడెట్‌కు మరీ బాగా తెలుసు. అందుకే ముందు రోజు పనిగట్టుకుని ఫోన్ చేసింది.

"నాన్నా, వెండెల్‌ని చేపలకి తీసుకెళ్తానన్నావు, సంతోషం. నీ స్నేహితుల ముందు తనని ఒక్క మాటన్నావో, మేమిక మీ గడప తొక్కం. పోయిన క్రిస్మస్‌కి నువ్వన్నవి ఇంకా మర్చిపోలేదు నేను."

"నేనేమంటానే? బంగారంలా చూసుకుంటాగా!"

నిజంగానే అలా చూసుకోవాలనుకున్నాడు. అల్లుడు వెండెల్ నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య పెరిగినవాడు. మనిషి భారీ, మాట మెత్తన. పెళ్ళయ్యేదాకా సముద్రం మొహం చూడలేదు. అతని కోసం గిల్బర్ట్ తన పాత పసుపు కయాక్‌ను షెడ్డులోంచి తీసి శుభ్రంగా కడిగాడు. కయాక్ లోపలంతా డొల్ల. అందులో చేరిన నీళ్ళు పోవడానికి వెనక కొసన వేలు పట్టేంత కంత, దానికి మర తిప్పి బిగించే బిరడా ఉంటాయి. కడిగాక ఆ బిరడా ఎక్కడ పోతుందోనని తన లైఫ్ జాకెట్ జేబులో వేసుకున్నాడు. ఎవరికైనా పడవ ఎరువిస్తే, నీళ్ళలోకి దింపేముందు బిరడా చూడాల్సింది ఇచ్చినవాడే. ఆ రేవులో అది అందరూ పాటించే మర్యాద. కొత్తవాళ్ళకు ఆ మర్యాద గురించి గంటలకొద్దీ క్లాసు పీకేది కూడా గిల్బర్టే.

మర్నాడు పొద్దున రేవుకు చేరేసరికి రాళ్ళ వరుస దగ్గర పక్షులు గుంపులుగా నీళ్ళలోకి దూకుతున్నాయి. కింద చారల బాస్ చేపల మంద ఉందన్నమాట. దాంతో గిల్బర్ట్‌కు ఒళ్ళు తెలియలేదు.

"కానీ అల్లుడూ, కానీ! అవి నీ కోసం ఆగవు!" అంటూ పసుపు కయాక్‌ను తానే నీళ్ళలోకి తోసేశాడు.

స్నేహితుడు అర్మాండో, ఇంకో ఇద్దరు ముందు వెళ్ళారు. వెండెల్ అందరికన్నా వెనకబడ్డాడు. తెడ్డు ఎంత వేసినా పడవ ఈడ్చుకుంటూ వస్తోంది.

"మామయ్యా, ఈ పడవెందుకో బరువుగా ఉందండీ. కాస్త కదిలితే చాలు, ఊగిపోతోంది."

"బరువు పడవ కాదయ్యా, నువ్వు!" అని అరిచాడు గిల్బర్ట్. "పొద్దున్నే ఎన్ని సాసేజ్‌లు లాగించావేంటి? ఆ కూర్చోవడమేంటి, బస్తా దించినట్టు! నడుం నిటారుగా పెట్టు!"

అర్మాండో పగలబడి నవ్వాడు. వెండెల్ కూడా మొహం ఎర్రబడి నవ్వి, నడుం సర్దుకున్నాడు. అంతలో అతని గేలానికి చేప తగిలింది. ఉత్సాహంగా అటు వంగాడు. పడవ డొల్లలోని నీళ్ళన్నీ ఆ పక్కకే దొర్లాయి. పసుపు కయాక్ బోర్లాపడింది.

మే నెల నీళ్ళు, ఎముకలు కొరికే చలి. వెండెల్ అర్మాండో కయాక్ వెనక భాగాన్ని పట్టుకుని వేలాడాడు. గేలం దారం తెడ్డుకు చుట్టుకుంటే, కోయడానికి కత్తి కోసం గిల్బర్ట్ జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు బిరడా తగిలింది.

దాన్ని పడవకు బిగించనేలేదు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. బోర్లాపడ్డ పడవలోకి సామాన్ల అర మూత సందుల్లోంచి నీళ్ళు చేరడం మామూలే గనక ఎవరికీ అనుమానం రాలేదు. ఒడ్డు చేరాక, "మీరు అతన్ని లూర్దెస్ హోటల్‌కి తీసుకెళ్ళి ఒళ్ళు వెచ్చబెట్టండి. పడవల సంగతి నేను చూస్తాను," అన్నాడు.

అందరూ వెళ్ళాక కయాక్ ముక్కు పైకెత్తాడు. కంతలోంచి నీళ్ళు ధారగా పోయి, పోయి, ఎంతకీ ఆగలేదు. ఆగాక దొంగలా అటూ ఇటూ చూసి బిరడా బిగించాడు. ఛీ, ఇదేం పని అనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు. కయాక్‌ను తన ట్రక్కు మీదికి ఎక్కించి హోటల్‌కు బయల్దేరాడు.

లూర్దెస్ హోటల్ గోడకు విరిగిన తెడ్డొకటి వేలాడుతూ ఉంటుంది. నీళ్ళలో పడ్డవాడు దాని మీద తన పేరు రాసి, అందరి వెటకారాలూ భరించాలి. అర్మాండో ఇచ్చిన ప్యాంటు పిక్కల దగ్గరే ఆగిపోతే, వణుకుతూనే పెన్ను పట్టుకుని నిలబడ్డాడు వెండెల్.

"పెద్దగా రాయవోయ్, నీ సైజుకి తగ్గట్టు!" అన్నాడు అర్మాండో. హోటలంతా గొల్లుమంది. వెండెల్ తల వంచుకుని అక్షరాలు పెద్దవి చేశాడు.

గిల్బర్ట్ సూప్ గిన్నె పక్కకు నెట్టేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఆపండ్రా! తప్పు అతనిది కాదు, నాది. బిరడా పెట్టకుండా పడవ తోసింది నేను."

నవ్వులు ఆగాయి. అర్మాండో బయటికి వెళ్ళి, ట్రక్కు మీదున్న కయాక్‌ను తడిమి చూసి వచ్చాడు.

"బిరడా బిగించే ఉంది కదరా!"

"ఒడ్డుకొచ్చాక పెట్టాను. మీరెవరూ లేనప్పుడు."

"చాల్లే ఊరుకో, అబద్ధమాడటం కూడా రాదు నీకు!" అర్మాండో అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. "అల్లుడి పరువు కోసం ఇంత పెద్ద నింద నెత్తినేసుకుంటావా? ఇన్నేళ్ళూ నీకు నోరే ఉందనుకున్నా గానీ, మనసు కూడా ఉందిరా!"

"ఒట్టురా, నమ్మండి!"

ఒట్టు పెట్టిన కొద్దీ వాళ్ళకు అతని మీద ప్రేమ పెరిగింది. హోటల్ యజమానురాలు లూర్దెస్ అడక్కుండానే తీపి రొట్టె తెచ్చి ముందు పెట్టింది. వెండెల్ కళ్ళు తుడుచుకుని, "నా కోసం ఇలా ఎవరూ నిలబడలేదు మామయ్యా," అన్నాడు. మొహాన ఉమ్మేసినా గిల్బర్ట్‌కు అంత సిగ్గనిపించేది కాదు. నిజం నిరూపించే దారిని తన చేత్తోనే బిగించి మూసేశాడు.

ఈలోగా వెండెల్ ఫోన్‌లో ఒడెట్‌కు జరిగిందంతా పొంగిపోతూ చెప్పి, "మీతో మాట్లాడుతుందట," అని అతనికి అందించాడు. గిల్బర్ట్ ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాడు.

"నాన్నా, తప్పు నీ మీదేసుకున్నావట?"

"వేసుకోలేదమ్మా. తప్పు నాదే. బిరడా నా జేబులోనే ఉంది. పైగా నువ్వు వద్దన్న మాటలన్నీ అన్నాను. ఇక్కడ ఎవడూ నమ్మట్లేదు."



"నేను నమ్ముతున్నాను," అంది ఒడెట్. "ఇంకొకళ్ళ కోసం అబద్ధమాడే మనిషివి కాదు నువ్వు. ఆ మాత్రం నాకు తెలీదా?"

గిల్బర్ట్ ట్రక్కు మీది పసుపు కయాక్ వైపు చూశాడు.

"తనకి మాత్రం మళ్ళీ చెప్పకు నాన్నా. చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నాడు. ఉండనీ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

కిటికీ అద్దంలోంచి చూశాడు. లోపల వెండెల్ తన పక్క కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టి, రమ్మని సైగ చేస్తున్నాడు. గిల్బర్ట్ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.