ఎడమ మూల మీది చెక్కపాదం

ఆ ఇంట్లో అల్లుడికి కంప్యూటర్లు వచ్చని పేరు. పెళ్ళైన కొత్తలో ఒకసారి మొరాయించిన ప్రింటరును ఆపి మళ్ళీ వేశాడు, అది పనిచేసింది, అంతే. అప్పట్నుంచి ఫోను మూగబోయినా, టీవీ బిగుసుకుపోయినా "అల్లుడుగారిని రానీ" అనేవారు. అతనూ కాదనలేదు. ఊరికే వచ్చిన పేరును ఎవరు మాత్రం వద్దంటారు? మామగారు కుట్టిచ్చిన బూట్లేసుకుని రోజూ అయిదు కిలోమీటర్లు నడిచి, తన నడుం నొప్పిని తానే కుదుర్చుకున్నానని కూడా వచ్చినవాళ్ళందరికీ చెబుతుండేవాడు.

మామగారివి మామూలు బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, పాదం వంకర తిరిగినవాళ్ళకు, వేళ్ళు పోయినవాళ్ళకు కుడతారు. ప్రతివాళ్ళ పాదాన్నీ కాగితం మీద గీసుకుని, ఎక్కడ నొప్పో, ఎక్కడ ఎంత ఎత్తు పెట్టాలో పక్కన రాసుకుంటారు. ఒక వానాకాలం ఆ కాగితాలకు చెదలు పట్టడం చూసి, కూతురు వాటన్నిటినీ స్కాన్ చేసి పాత ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఆ తర్వాత కాగితాల పని చెదలే చూసుకున్నాయి. ఇప్పుడు నాలుగువందల పైచిలుకు పాదాలు ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

అదేమో ముసలిది. మీట నొక్కి, స్నానం చేసి వచ్చేసరికి తెర వెలిగేది. "మొత్తం చెరిపి ఆపరేటింగ్ సిస్టం కొత్తగా వేస్తే పరిగెడుతుంది మావయ్యగారూ" అని అల్లుడు భోజనాల దగ్గర ప్రకటించాడు. "మీకెందుకండీ శ్రమ" అన్నారాయన. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు పెద్దలు. ఆదివారం మధ్యాహ్నం మామగారు తోలు కొనడానికి అటు వెళ్ళగానే అల్లుడు ఇటు పనిగదిలో దిగాడు.

ముందు బల్ల సర్దాడు. జిగురు డబ్బా, సూదులు, దారపుండలు పక్కకు జరిపాడు. ల్యాప్‌టాప్ ఎడమ మూల మీద ఎప్పుడూ ఒక చెక్కపాదం కూర్చుని ఉంటుంది. బూటు కుట్టేటప్పుడు లోపల పెట్టే అచ్చు. పెద్దాయన చాదస్తం అనుకుని దాన్నీ తీసి అరలో పెట్టాడు. తర్వాత తెర మీద "పాదాలు" అన్న గుర్తును పెన్‌డ్రైవ్‌లోకి లాగాడు. రెప్పపాటులో కాపీ అయిపోయింది. నాలుగువందల పాదాలు రెప్పపాటులో ఎలా నడిచొచ్చాయని ఒక్క క్షణమైనా అనుమానించాల్సింది. అనుమానించలేదు.

కొత్త సిస్టం ఎక్కించి తెచ్చుకున్న ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి పని మొదలుపెట్టాడు. అది భాష అడిగింది, షరతులు ఒప్పుకోమంది, అన్నిటికీ ఊఁ కొట్టాడు. ఏ డిస్కు చెరపమంటావంది. ఉన్నదొకటే కదా, నొక్కి చెయ్యెత్తాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది. పని పూర్తికాలేదని ఎర్రక్షరాలు వచ్చాయి. ఆపి మళ్ళీ వేస్తే, ఈసారి అసలు డిస్కే లేదంది. చార్జరు మార్చాడు, పెన్‌డ్రైవ్ మార్చాడు, ఫోనులో వెతికి ఎవరెవరో చెప్పిన మీటలన్నీ నొక్కాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది.

పోనీ, పాదాలు భద్రంగానే ఉన్నాయి కదా అని మొదటి పెన్‌డ్రైవ్‌ను తన ల్యాప్‌టాప్‌లో తెరిచాడు. ఉన్నది ఒకే ఒక్క గుర్తు, మూలన చిన్న బాణంతో. అది ఫోల్డరు కాదు, ఫోల్డరుకు దారి చూపే షార్ట్‌కట్. ఇల్లు ఖాళీ చేస్తూ సామానుకు బదులు ఇంటి చిరునామా జేబులో వేసుకొచ్చినట్టు.

బల్ల పక్కన బస్సు కండక్టరమ్మ పాత బూటు నోరు తెరుచుకుని ఉంది. ఆమె కుడి కాలు మూడు సెంటీమీటర్లు పొట్టి. ఆ ఎత్తు సరిగ్గా కుదరడానికి మామగారు రెండేళ్ళలో ఆరుసార్లు గీసుకోవలసి వచ్చింది. కొత్త జత చేతికొస్తేనే ఆమె మళ్ళీ డ్యూటీ ఎక్కేది. ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమందో!

మామగారు తోలు చుట్ట చంకన పెట్టుకుని వచ్చేసరికి అల్లుడు కుక్కిన పేనులా కూర్చుని ఉన్నాడు. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, దాచలేదు.

"మావయ్యగారూ, పాదాలన్నీ చెరిపేశానండీ."

ఆయన తెర వంక చూడలేదు, బల్ల వంక చూశారు. "నా చెక్కపాదం ఏదండీ?"

"ఇప్పుడు దాని సంగతెందుకండీ..."

"ఏది?"

అల్లుడు అరలోంచి తీసిచ్చాడు. ఆయన దాన్ని ఎడమ మూల మీద పెట్టి, వేలితో కాస్త ముందుకు జరిపి, తల వంచి చూసుకున్నారు.

"ఆ గుచ్చినవన్నీ పీకేసి, ఇప్పుడు వెయ్యండి."

తెర చాలాసేపు నల్లగానే ఉంది. తర్వాత లోపల ఏదో గరగరమంది. పాత తెర తన పాత నత్తనడకతోనే వచ్చింది. "పాదాలు" తెరిస్తే నాలుగువందల పైచిలుకూ ఉన్నాయి. అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మూడేళ్ళ కిందట చెయ్యి జారి కింద పడిందండీ" అన్నారు మామగారు. "అప్పట్నుంచీ ఆ మూల ఏదో వదులు. పైన బరువుంటేనే నడుస్తుంది. పొట్టికాలికి ఎత్తు పెడతాం చూడండి, దీనికీ అదే వైద్యం చేశాను."

ఆ మూల కిందే డిస్కు ఉంది. అల్లుడి మణికట్టు అక్కడ ఆనినంతసేపు అది కనబడింది. చెరపమని నొక్కి చెయ్యెత్తగానే జారుకుంది. అంటే చెరపడానికి దొరకనేలేదు. పాదాలు మిగలడంలో తన తెలివి వీసమెత్తయినా లేదని అతనికి బాగా అర్థమైంది.

ఈసారి అసలు ఫోల్డరునే కాపీకి పెట్టాడు. నలభై నిమిషాలంది. అంతసేపు పడుతుందన్నందుకే సంతోషించాడు. పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి. తోటమాలి, కండక్టరమ్మ, లెక్కల టీచరు, అల్లుడుగారు.

అల్లుడుగారా? కాపీ అయ్యాక తెరిచి చూశాడు. తన పాదాలే. బూట్లు కుట్టి ఇస్తానని మామగారు కాగితం మీద నిలబెట్టి గీసినవి. పక్కన ఆయన గుండ్రటి రాత. "ఎడమ కాలు అర సెంటీమీటరు పొట్టి. నడుం నొప్పి అందుకే. బూటు లోపల ఎత్తు పెట్టాను. ఆయనకు తెలీదు. చెప్పి చిన్నబుచ్చడం ఎందుకు."

ఆ కాగితాన్ని స్కాన్ చేసింది భార్యే. అంటే ఆవిడ కూడా ఇన్నాళ్ళూ అతని పొద్దుటి నడక గొప్పలు వింటూ నవ్వు ఆపుకుందన్నమాట. అతనికి సిగ్గేసింది. సిగ్గును మించి కృతజ్ఞత పొంగుకొచ్చింది. ఇలాంటి ఇంటికి అల్లుడు కావడానికి తానేం పుణ్యం చేసుకున్నాడో తెలియలేదు.

చెక్కపాదాన్ని కదపకుండా పని మళ్ళీ మొదట్నుంచి చేశాడు. సాయంత్రానికి కొత్త తెర వెలిగింది, పాదాలన్నీ అందులోకి తిరిగొచ్చాయి. భార్య గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"ఏమండీ, అయిందా?"

"అవకేం" అన్నారు మామగారు. "మీ ఆయన చెయ్యి పడితే కాకుండా ఉంటుందా?"

అల్లుడు లేచి నిలబడ్డాడు. తన బూట్ల వంక ఒకసారి చూసుకున్నాడు.

"లేదు. నేను చెడగొట్టాను. బాగుచేసింది మావయ్యగారు" అన్నాడు. ఆ వెంటే, "నా నడుం కూడా" అన్నాడు.

మామగారు వినబడనట్టే కండక్టరమ్మ బూటు చేతిలోకి తీసుకుని, పాత కుట్లు విప్పడం మొదలుపెట్టారు.