ఎముకలో దిగిన కాలు

మొదట నా చేతిలో ఉన్నది మా నాయన వదిలిపోయిన జాతిలో ఆఖరి విత్తనపు పొట్టేలు. నెల్లూరు జోడిపి రకం. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ, మూతి మీద నలుపు, నా నడుము దాటే ఎత్తు. మందలోని గొర్రెలన్నీ సంతలో కొన్నవే. దీని మగపిల్లలను ఏటా తడ మీదుగా కబేళాలకు పంపేవాణ్ణి. ఉంచితే కూతుళ్ళను తండ్రే ఎక్కుతాడు కనుక ఆడవాటినీ అమ్మేసేవాణ్ణి. తండ్రి బలంగా ఉండగా కొడుకును మేపడం మా వ్యాపారంలో దండగ.

కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు గట్టున మేస్తుంటే తెగిన వలదారం ఒకటి దాని వెనక కాలికి బిగిసింది. వెంట్రుకల్లో కనబడలేదు. కుంటడం చూసి, మంద కాసే మాలకొండమ్మ దారం కోసేసరికే గిట్ట నల్లబడి చల్లగా అయిపోయింది. పశువుల ఆసుపత్రిలో డాక్టర్ వినీల గారు కాలు సగానికి తీసేశారు.

మూడు కాళ్ళతో గొర్రె బతుకుతుంది. విత్తనపు పొట్టేలు బతికినా ఉపయోగం లేదు. ఎక్కేటప్పుడు బరువంతా వెనక కాళ్ళ మీదే పడుతుంది. పట్టీలతో కట్టిన పెట్టుడు కాలు మొదటిసారే జారిపోయింది. అప్పుడు వినీల గారు ఇంకో దారి చెప్పారు. ఎముక లోపలికి టైటానియం కడ్డీ దించి, చివర చర్మం బయటికి వదిలి, దానికి కాలు బిగించడం.

"కుక్కలకు చేశారు. పొట్టేలుకు నేనెప్పుడూ చేయలేదు. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు కామాక్షయ్య గారూ."

"ఆశ సంగతి సరే డాక్టరమ్మా, తొలకరికి అది గొర్రెను ఎక్కుద్దా లేదా?"

"ఎముక కడ్డీని పట్టుకుంటే ఎక్కుతుంది."

పట్టుకుంది. దొడ్లో టకటకా నడుస్తుంటే మాలకొండమ్మ పడీపడీ నవ్వింది.

"పెండ్లికొడుక్కి ఇనప కాలొచ్చినాది! మోకాళ్ళ నొప్పులని మూలుగుతుంటావు గందా అబ్బయా, నువ్వూ ఒకటి ఏయించుకోరాదా?"

తొలకరి పడ్డాక ఒక గొర్రెను వదిలాం. ఎక్కింది. కాలు జారలేదు. మిగతావాటిని వచ్చే వారం నుంచి వదలమన్నారు వినీల గారు.

చర్మం లోహానికి అతుక్కోదు. కడ్డీ చుట్టూ సన్నని సందు ఎప్పటికీ ఉంటుంది, అందులోంచి కొంచెం తడి ఊరుతుంది. తుడిచి ఆరనివ్వాలి, మూయకూడదు. ఈ మాట డాక్టరమ్మ నాకు చెప్పింది, నేను మాలకొండమ్మకు చెప్పాను. ఆమె తలూపింది. కానీ వానల్లో తెరిచిన పుండు మీద ఈగ వాలిందంటే పురుగు పడ్డట్టే. మందలో పెరిగిన మనిషి పుండు కనబడితే ముందు మూస్తుంది. ఆ వారంలోనే నేను సంతకు పోయిన రోజు వేపనూనెలో పసుపు, మెత్తని బూడిద కలిపి ఆ సందు పూడ్చి, పైన గుడ్డ చుట్టింది. తిరిగొచ్చి చూశాను. తడి లేదు, ఈగ లేదు. బాగుందనే అనుకున్నాను.

తడికి బయటికి దారి లేక ఎముక వెంట పైకి పోయింది. పొట్టేలు మేత మానేసి గోడకు ఆనుకుంది. వినీల గారు వచ్చి గుడ్డ విప్పగానే చీము ఎగదన్నింది. రెండు వేళ్ళతో పట్టుకుంటే కడ్డీ కదిలింది.

"ఎవరు మూశారు?"

"నేనేనమ్మా," అంది మాలకొండమ్మ. " పురుగు పడుద్దని. తప్పు చేసినానా?"

డాక్టరమ్మ చీము తుడిచింది. "పురుగైతే పడలేదు" అంది.

"ఇంకోటి దించేదానికి కాదా?" అన్నాను.

"ఎముకే కుళ్ళింది. దేంట్లో దించను? బాధ తప్పించడం ఒక్కటే మిగిలింది."

మాలకొండమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుంది. సూది వేశారు. అన్ని మందులెక్కిన మాంసం ఎవరూ కొనరు. ఏటి గట్టున గొయ్యి తవ్వితే ఉప్పునీరు ఊరింది. తోడుతూనే పూడ్చాం.

"ఆ పొద్దు నా చేతులు ఇరిగి పోయుంటే బాగుండు."

"నేనున్నా అదే చేసుందును అక్కా."

ఆ మాట ఆమెకూ పనికిరాలేదు, నాకూ పనికిరాలేదు.

పొట్టేలు ఎక్కిన ఆ ఒక్క గొర్రెకు చూలు నిలిచింది. మగపిల్ల పుట్టాలని మాలకొండమ్మ పెంచలకోన స్వామికి మొక్కుకుంది. కార్తీకంలో ఈనింది. ఆడది, మూతి మీద కూడా నలుపు లేదు. ఎదకొస్తే పరాయి పొట్టేలు దగ్గరికే తోలాలి. మా పొట్టేలు రక్తం దీనిలో సగం, దీని పిల్లల్లో పావు. ఆ తర్వాత లెక్క నేను వేయలేదు.