పలకరింపు ఆగిన గది

కుందేలుకు అరవడం రాదని కాదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే అరుస్తుంది, ముప్పై ఒక్క ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన నేను ఈ వాక్యాన్ని ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటానో, ఆ అరుపును మాత్రం ఒక్కసారీ విన్నవాణ్ణి కాను, కాబట్టి నలభై ఆరు స్టీలు బోనుల్లో నలభై ఆరు కుందేళ్ళు చప్పుడు లేకుండా ఉండడంలో వింత లేదు, పగలు పది గంటలు, ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, ఏసీ ఇరవై దగ్గర ఉంది, అంతా నిబంధన ప్రకారమే, కానీ అవన్నీ తలుపు వైపే తిరిగి కూర్చుని ఉన్నాయి, ఎవరో వరస పెట్టి తిప్పి ఉంచినట్టు, ముక్కులైనా కదలడం లేదు, నిన్న సాయంత్రం వేసిన మేత గిన్నెల్లో వేసింది వేసినట్టే ఉంది, నా వెనక తలుపు పట్టుకుని నిలబడ్డ పెంచల్, ఈ గదిలో మేత వేసేదీ బోనులు కడిగేదీ అతనే, మాస్కు లోపలి నుంచి మెల్లగా అంటున్నాడు, మీరొచ్చే దినం ఇంతే సార్, ముందు దినం సాయంత్రం కాడ్నించే మేత ముట్టవు, మీకు దెయ్యాలు లేవు గదా, మీరే ముందు పొండి సార్, అని కళ్ళతో నవ్వుతాడు.

నేను రావడమంటే ఏమిటి, తడ దగ్గరి ఈ పారిశ్రామిక వాడలో మందులు పరీక్షించే సంస్థ ఇది, జంతువుల మీద ఏ ప్రయోగం చేయాలన్నా ఒక సంఘం అనుమతించాలి, ఆ సంఘంలో సంస్థతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు కూర్చోవాలి, ఆ బయటి మనిషిని నేను, ఆరేళ్ళుగా, ముప్పై ఎనిమిది ప్రతిపాదనలు చదివాను, ముప్పై ఎనిమిదింటి మీదా సంతకం చేశాను, ఈ గదిలోవి సంతకం కోసం ఎదురుచూసే కుందేళ్ళు, సంతకం పడగానే పక్క గదికి వెళ్తాయి, అక్కడ చెవి నరంలోకి మందు ఎక్కించి జ్వరం వస్తుందేమో చూస్తారు, జ్వరం వస్తే మందు మంచిది కాదు, రాకపోతే మంచిది, ఎటు తేలినా వరస పరీక్షలు ముగిశాక కుందేలును ముగిస్తారు, పక్క గది నుంచి ఈ గదికి వెనక్కి వచ్చిందంటూ లేదు, ప్రపంచం మొత్తంలో ఇలా ఏటా ఎన్ని కోట్ల ప్రాణులో అంచనాలున్నాయి గానీ సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు, ఈ గది లెక్క మాత్రం నాకు తెలుసు, నలభై ఆరు.

దెయ్యం లేదు పెంచల్, కారణం ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది, కొడవలూరులో ఒకరింట్లో గేదె తొట్టిలో నీళ్ళు ముట్టడం లేదు, చేతబడి అన్నారు, నిమ్మకాయలు కట్టారు, నేను వెళ్ళి చూస్తే మోటారు వైరు తొక్క ఊడి నీళ్ళలోకి కరెంటు దిగుతోంది, ముట్టె పెట్టగానే గేదెకు జిల్లుమంటోంది, అంతే, నిమ్మకాయలు కట్టినాయన ఆనాటి నుంచీ నాతో మాట్లాడడు, కాబట్టి వరసగా చూద్దాం, మేతకు బూజు పట్టిందా, వాసన చూశాను, లేదు, తనిఖీ అని ఫినాయిల్ ఎక్కువ పోశారా, లేదు సార్ రోజూ పోసేదే, నా వాసన గుర్తుపట్టాయా, అసాధ్యం, పోయినసారి ఈ గదిలో ఉన్నవి వేరు, ఇవి నన్ను చూడడం ఇదే మొదలు, నన్ను చూసినవాటిలో ఒక్కటీ, ఇక్కడ ఆలోచన ఒక్క క్షణం కాలు జారి మళ్ళీ నిలదొక్కుకుంది, ఒక్కటీ మిగలలేదు, కాబట్టి జ్ఞాపకం కారణం కాదు, పెంచల్, నిన్న సాయంత్రం నువ్వేం చేశావు.

ఏం చెయ్యలా సార్, రోజూ మాట్లాడతా వేస్తా మేత, ఏమ్మా తిన్నావా, ఏందిరా అట్ట చూస్తా ఉండావు, అని ఒక్కోదాన్నీ పలకరిస్తా వేస్తా, నిన్న మాట్లాడలా, ఎందుకు మాట్లాడలేదు, చెప్తే మీరు నగుతారు సార్, నవ్వను చెప్పు, మా పులికాట్ కాడ చేపల వేటకి బయల్దేరినోళ్ళని ఎవురూ పలకరించరు సార్, యాడికి అని అడగరు, పేరు పెట్టి పిలవరు, పిలిస్తే తిరిగి రారంటారు, పెళ్ళామైనా సరే తలుపు కాడ గమ్మున నిలబడుకోవాల్సిందే, ఇవి తిరిగొచ్చేది లేదని నాకూ తెలుసు సార్, తెలిసినా నోరు రాదు.

దొరికింది, నిజానికి నాకు నవ్వే వచ్చింది, సంతోషంతో, ఈ గదికి వచ్చినప్పటి నుంచీ రోజూ వినిపించే ఒకే ఒక గొంతు హఠాత్తుగా ఆగిపోతే ఏ ప్రాణి అయినా బెదురుతుంది, బెదిరిన కుందేలు బిగుసుకుపోయి గొంతు రావలసిన దిక్కునే చూస్తుంది, మేత ముట్టదు, తొక్క ఊడిన వైరు అంత సులభం, ఇంతకన్నా చక్కని కారణం దొరకదు, అయితే ఒక చిన్న చిక్కు, నిన్నటికి ఇంకా ఏ నిర్ణయమూ కాలేదు, సమావేశం ఇవాళ పదకొండింటికి, ఇవి బయల్దేరాయని నిన్న సాయంత్రమే నీకెవరు చెప్పారు, పెంచల్ నా వైపు చూశాడు, ఆ చూపులో కోపం లేదు, సముద్రానికి పోటు ఎప్పుడు వస్తుందని అడిగిన పట్నం మనిషిని చూసినట్టు చూశాడు, మీరొస్తా ఉండారని చెప్పినారు గదా సార్, అన్నాడు.

ఏసీ ఇరవై దగ్గరే ఉంది, నా మెడ వెనక మాత్రం ఎవరో తడిచేయి ఆనించినట్టుంది, తొంభై రెండు కళ్ళు, అవి నన్ను చూడడం లేదు, గొంతు కోసం చూస్తున్నాయి, నేను దారికి అడ్డంగా నిలబడ్డాను, అంతే, అంతే అని ఎన్నిసార్లు అనుకున్నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి.

సమావేశం గదిలో రెజీనా, ఈ సంస్థ పశువైద్యురాలు, సంఘానికి కార్యదర్శి కూడా, టీ కప్పు నా ముందుకు జరిపి, ఏమండీ మాల్యాద్రి గారూ, లోపల అంతసేపు, కుందేళ్ళకి జాతకాలు చెప్పి వచ్చారా, అని నన్ను నవ్వించబోయింది, సంఘంలోని మిగతావాళ్ళు నవ్వారు, ముప్పై తొమ్మిదో ప్రతిపాదన, జ్వర పరీక్ష, నలభై ఆరు కుందేళ్ళు, నాలుగో పేజీలో గడి, జంతువు లేకుండా ఈ పని చేసే మార్గం ఉందా, దాని కింద టైపు చేసిన జవాబు, ప్రత్యామ్నాయం లేదు, ముప్పై ఎనిమిది కాగితాల మీద ఇదే గడి, ఇదే జవాబు, మనిషి రక్తకణాల మీద గాజుగిన్నెలో జ్వర కారకాన్ని పట్టే పరీక్ష ఉందని నేనే ఎప్పుడో చదివి పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను, రెజీనా గారూ, రక్తకణాల పరీక్ష మీ మందుకు పనికిరాదని తేల్చిన నివేదిక ఏది, అన్నాను, ఆమె కప్పు దించింది, నివేదికా, ఫారంలో ముందు నుంచీ ఉన్న మాటే కదండీ అది, మేం టైపు కూడా చెయ్యం, అదే వస్తుంది, మీరెప్పుడూ అడగలేదు కదా, ఆమె అబద్ధం చెప్పడం లేదు, నన్ను తప్పు పట్టడమూ లేదు, ఉన్న విషయం చెప్పింది, నివేదిక చూపిస్తేనే సంతకం, అన్నాను, అలా అయితే రెండు నెలలు ఆగిపోతుందండీ, అంది ఆమె, ఆగనివ్వండి, అన్నాను, నా గొంతే, అయినా పక్క కుర్చీలోంచి వచ్చినట్టు వినిపించింది, విభూతి రాల్చే చేతుల్ని పట్టి విప్పించిన వాణ్ణి, నిప్పుల మీద నడిచేవాళ్ళను అరికాళ్ళు చూపించమన్న వాణ్ణి, లోకంలో కనబడ్డ ప్రతి వాళ్ళనూ ఆధారం ఏదని నిలదీసిన వాణ్ణి, పెంచల్ అయినా తన నమ్మకాన్ని నన్ను చూసి చూసి కట్టుకున్నాడు, నేను మాత్రం ఆరేళ్ళపాటు ఒక్క వాక్యాన్ని, అచ్చులో ఉందన్న ఒకే ఒక్క కారణానికి, కళ్ళు మూసుకుని కొలిచాను.