ఏంకాదు మేడమ్

బ్రాంచిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. హెడ్ క్యాషియర్ ఆమె. సిస్టమ్ ఆగిపోయినా, ఆడిట్‌వాళ్ళు చెప్పాపెట్టకుండా ఊడిపడినా, ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆమె నోట వచ్చే మొదటి మాట ఒకటే: "ఏం కాదు. నేనున్నాగా." అలా ఎప్పుడో ఎవరో కొంటెగా 'ఏంకాదు మేడమ్' అని పేరు తగిలించారు. అది చెవిన పడ్డ రోజున ఆమె కడుపుబ్బ నవ్వింది. పోనుపోను కస్టమర్లు కూడా "ఏంకాదు మేడమ్ సెలవా ఇవాళ?" అని అడగడం మొదలెట్టారు.

ఆమె పక్క కౌంటర్ పొడుగుది. పొడుగు అంటే ఆ క్లర్కు. రికార్డు రూములోకి వెళ్ళేటప్పుడు తల వంచకపోతే గుమ్మం నుదుటికి తగిలేంత పొడుగు మనిషి. కాంట్రాక్టు మీద చేరాడు. ఇవాళో రేపో పర్మనెంట్ చేస్తారని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. పనంతా ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. భార్య కడుపుతో ఉందన్న సంగతి తన తల్లికంటే ముందు ఈమెకే చెప్పాడు.

ఆ ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఒక కబురు వచ్చింది. తమ బ్యాంకును ఇంకో పెద్ద బ్యాంకులో కలిపేస్తున్నారట. ఆ పెద్ద బ్యాంకు బ్రాంచి రోడ్డుకు అవతలి వైపే ఉంది. ఇక్కడి అద్దాల తలుపులోంచి చూస్తే అక్కడి సెక్యూరిటీ గార్డు ఆవలించడం కూడా కనిపిస్తుంది. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు బ్రాంచీలు ఎవరుంచుతారు? ఆ ప్రశ్న ఎవరూ పైకి అనలేదు. కానీ అందరూ ఆ రోడ్డువైపు చూడటం మాత్రం మొదలుపెట్టారు.

మెల్లగా బ్రాంచి మారిపోయింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని అందరూ ఒక్కచోట తినేవాళ్ళు కాస్తా ఎవరి సీట్లో వాళ్ళు తిని చేతులు కడుక్కోసాగారు. లోన్ల ఆఫీసరు అందరికంటే ముందే వచ్చి, మేనేజరు కారు దిగేసరికి గుమ్మంలో నిలబడేవాడు. మేనేజరేమో ఫోను చెవికి ఆనించుకుని, ఎవరికేసీ చూడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే నీళ్ళు నమిలేవాడు. పొడుగు పరధ్యానంగా ఉండటం ఏంకాదు మేడమ్ గమనించింది. ఒకరి పాస్‌బుక్కు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాడు. వేసిన స్టాంపు మీదే మళ్ళీ వేస్తున్నాడు.

"ఏం కాదు నాన్నా," అని అతని చేతిలోంచి స్టాంపు తీసుకుని పక్కన పెట్టేది. "వెళ్ళి టీ తాగిరా."

అందరూ ఆమె చుట్టూ చేరారు. ఆమె నవ్వుతోందా లేదా అన్నదే వాళ్ళకు వాతావరణ వార్త. అప్పుడే జోనల్ ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చాడు. మేనేజరు ఎవరితోనో ఫోనులో ఉంటే, క్యాష్ క్యాబిన్లో ఆమె ఎదురుగా కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడిందంతా తన మోకాళ్ళ నొప్పుల గురించే. ఏ నూనె రాస్తే బాగుంటుందని అడిగాడు. ఆమె చెప్పింది. అద్దం బయటి నుంచి చూసినవాళ్ళకు మాత్రం ఆయన ముందుకు వంగి ఏదో రహస్యం చెబుతున్నట్టు, ఆమె తలూపుతున్నట్టు కనిపించింది.

"ఆవిడకు లోపలి సంగతులన్నీ తెలుసు," అనుకున్నారు. "లేకపోతే అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆ నిబ్బరం సంగతి ఆమె భర్తకు తెలుసు. ఆయన ఇంటి ముందు గదిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. రోజూ పొద్దున్న ఆమె రెండు ముద్దలు తిని, పెరట్లోకి వెళ్ళి కక్కుకుని, మొహం కడుక్కుని, నవ్వు తగిలించుకుని బయల్దేరేది.

ఒకరోజు ఆయన ఉండబట్టలేక అన్నాడు. "నువ్వు చెప్పే మాటని వాళ్ళు మందులా మింగుతున్నారు. నీ దగ్గర నిజంగా మందుందా?"

"మాటదేముందండీ. కాస్త ధైర్యంగా ఉంటారు."

"ఇద్దరి బరువు మోస్తే నడుం నొప్పి. బ్రాంచి మొత్తాన్ని నెత్తినెత్తుకున్నావు నువ్వు."

ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు హెడ్డాఫీసు ఒక ట్రైనర్ని పంపింది. చక్కటి చీర, చక్కటి గొంతు. అందరినీ అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చమంది. ఆశ, ఆత్మవిశ్వాసం, తట్టుకునే శక్తి, ఇవన్నీ మనసులో ఉండే ఆస్తులనీ, అవి గట్టిగా ఉన్నవాళ్ళని ఏ మార్పూ కదిలించలేదనీ చెప్పింది. ఆ మాట తప్పేమీ కాదు. వింటున్నంతసేపూ అందరి భుజాలూ కాస్త కిందికి దిగాయి. ఆవిడ ఏంకాదు మేడమ్‌ను చూపించి, "ఈమె మొహం చూడండి. ఈ ప్రశాంతత మీరందరూ నేర్చుకోవాలి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పొడుగు అందరికంటే గట్టిగా కొట్టాడు.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ స్వీపరమ్మ చెయ్యెత్తింది. "అంతా బాగుందమ్మా. ఇంతకీ బ్రాంచి ఉంటుందా, ఎత్తేస్తారా?"

"అది నా సబ్జెక్టు కాదమ్మా," అంది ట్రైనర్.

అందరూ పగలబడి నవ్వారు. అంతమంది కలిసి నవ్వడం ఆ బ్రాంచిలో అదే ఆఖరు.

ఆ వారంలోనే పొడుగు ఆమె క్యాబిన్ దగ్గరికొచ్చాడు. లంచ్ వేళ. కౌంటర్ల ముందు ఎవరూ లేరు.

"మేడమ్, ఒక మాట. బస్టాండు దగ్గర పెద్దాసుపత్రి ఉంది కదా, అక్కడ అకౌంట్స్ సెక్షన్లో రమ్మంటున్నారు. జీతం ఇక్కడికంటే తక్కువే. కానీ చేరగానే పర్మనెంటు. రేపటిలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు."

ఆమె గుండెల్లో రాయి పడింది. ఎందుకో ఆ క్షణాన ఆమెకు తెలియలేదు.

"మీ ఆవిడ ఏమంటోంది?"

"వెళ్ళిపొమ్మంటోంది. గాల్లో దీపం పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావంటోంది." అతను ఆమె మొహంలోకి చూశాడు. "మీరేమంటే అది, మేడమ్. మీకు తెలియంది ఏముంది?"

నాకేం తెలియదు అనాలి. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ బయటికొచ్చింది ఇంకోటి.

"ఏం కాదు నాన్నా. ఇన్నేళ్ళు ఓపిక పట్టావు. ఇక్కడే ఉండు."

అతని మొహం విప్పారింది. నెత్తి మీద బరువు ఎవరో దించేసినట్టు ఊపిరి పీల్చుకుని, అక్కడికక్కడే ఆసుపత్రికి ఫోను చేసి రానని చెప్పేశాడు.

నిర్ణయం వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. బ్రాంచి మూసేస్తున్నారు. పర్మనెంటు వాళ్ళందరినీ రోడ్డు దాటి పెద్ద బ్రాంచిలో చేరమన్నారు. కాంట్రాక్టు వాళ్ళకు పొడిగింపు లేదు. కాంట్రాక్టు మీద ఉన్నది పొడుగూ, స్వీపరమ్మా. మేనేజరు గదిలోంచి బయటికొచ్చి నేలచూపులు చూస్తూ చెప్పాడు. లోన్ల ఆఫీసరు బతికానురా అన్నట్టు కుర్చీలో కూలబడ్డాడు. స్వీపరమ్మ చీపురు గోడకు ఆనించి, "నాకు ముందే తెలుసులే," అంది. పొడుగు ఎవరివైపూ చూడలేదు. తన డెస్కు మీది గ్లాసు కడిగి, తుడిచి, సంచీలో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఏంకాదు మేడమ్ అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను అప్పటికే బయటున్నాడు.

ఆమె మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్ళింది. అకౌంట్స్ ఆఫీసరు ఎన్నో ఏళ్ళుగా ఆమె కస్టమరు. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "అయ్యో మేడమ్, ఆ సీటులో మనిషి చేరిపోయి చాలా రోజులైందే!" అన్నాడు. ఆమె బతిమాలింది. తన కోసం జీవితంలో ఎవరినీ అలా బతిమాలి ఎరగదు. ఆయన తన చేతుల్లో లేదన్నాడు.

ఆదివారం పొడుగే ఆమె ఇంటికి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. ఆమె భర్త పని ఆపి, కుర్చీ లాగి, తను లోపలికి వెళ్ళిపోయాడు.

"మేడమ్, ఒక్కటే అడుగుతాను," అన్నాడు పొడుగు. "మీకు ముందే తెలుసా?"

"తెలియదు నాన్నా."

"పెద్దసారు వచ్చినప్పుడు మీకేం చెప్పలేదా?"

"మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు."

"తెలిసి దాచారంటే మీ మీద కోపం తెచ్చుకుందామని వచ్చాను. ఆ ఆసరా కూడా లేకుండా చేశారు." అతను గొంతు పెంచలేదు. "తెలియనప్పుడు ఎందుకు ఉండమన్నారు?"

ఆమె లేచి మంచినీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను కాసేపు ఎదురుచూసి, లేచి, "వస్తాను మేడమ్," అని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గేటు గడియ పెట్టి మరీ వెళ్ళాడు.

తర్వాత అతను ఎక్కని మెట్టు లేదు. కొన్నాళ్ళు ఒక కొరియర్ గోడౌన్లో పెట్టెలు దించాడు. నడుం పట్టేసి అదీ మానేశాడు. ఈలోగా ఆడపిల్ల పుట్టింది. చివరికి బావమరిది ఉండే ఊళ్ళో ఏదో దుకాణంలో పని దొరికిందని, సామాను కట్టేస్తున్నారని స్వీపరమ్మ చెప్పింది. అది తెలిసి ఏంకాదు మేడమ్ సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళింది.

వాకిట్లో చిన్న ట్రక్కు ఆగి ఉంది. మంచం, గ్యాసు పొయ్యి, చుట్టచుట్టిన పరుపు ఎక్కించేశారు. పొడుగు ఆమెను చూసి, కాస్త తడబడి, లోపల్నుంచి పాపను ఎత్తుకొచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. పాప నిద్రపోతోంది. కాళ్ళు అప్పుడే బారుగా ఉన్నాయి.

"నీ పోలికే," అంది ఆమె.

అతను చిన్నగా నవ్వాడు. అతని భార్య గుమ్మంలోకి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమెవైపు ఒక్క చూపు చూసింది. దగ్గరికొచ్చి, పాప లేవకుండా ఎంతో మెల్లగా, ఆమె చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమనుకోకండి," అన్నాడు పొడుగు.

"ఏమనుకుంటాను?" అంది ఆమె. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

భర్త ఒక ఫ్యాను విప్పి, తీగ చుడుతున్నాడు. ఆమె వచ్చి పక్కన పీట మీద కూర్చుంది.

"అతన్ని ఎందుకు ఉండమన్నానో ఇప్పుడు తెలిసిందండీ," అంది. "అతని కోసం కాదు. అతను వెళ్ళిపోతే పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ చూస్తూ కూర్చోవడం నావల్ల కాదనిపించింది. అంత భయం నాకు. అందరికీ ధైర్యం చెప్పాను గానీ, అతను పక్కనుంటేనే నాకు ధైర్యం."

ఆయన చేతిలోని తీగ కింద పెట్టాడు.

"ఆ మాట అతనికి చెప్పలేకపోయాను. అడిగాడు కూడా. అయినా చెప్పలేకపోయాను." ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలుగా ఎవరి ముందూ రాని ఏడుపు అప్పుడొచ్చింది, పిల్లలు ఏడ్చినట్టు, వెక్కి వెక్కి. ఆయన ఊరుకోమనలేదు. లేచి వెళ్ళి, ముందు గది తలుపు దగ్గరికి వేసి, వచ్చి మళ్ళీ ఆమె పక్కనే కూర్చున్నాడు.