సొరుగు వెనకాల వైరు

నేను ఒక వైరుని. నేను పుట్టినాక గంగిరేవుల మున్సిపాలిటీలో ఒక్క అబద్ధం కూడా నడవలేదు. కావాలంటే ఎవర్నన్నా అడగండి. ట్యాంకర్ డ్రైవర్ ఓబులేసును మాత్రం అడగొద్దు.

నా పని చెప్తా. నీళ్ళ ట్యాంకర్లో ఒక వైర్‌లెస్ సెట్టుంది. ఆఫీసు రూములో దానికి పెద్దన్న లాంటి బేస్ సెట్టుంది. ట్యాంకర్ సెట్టు నిమిషానికోసారి తానెక్కడుందో అంకెల్లో చెప్తాది. పెద్దన్న వింటాడు గానీ, విన్నది కంప్యూటరుకు చెప్పడం ఆయనకు రాదు. ఆయన వీపులోంచి కంప్యూటరు వీపులోకి ఆ అంకెల్ని మోసేది నేను. అప్పుడు స్క్రీన్ మీద ఊరి పటంలో ఎర్రచుక్క కదుల్తాది. ఆ చుక్కే ట్యాంకర్. అంటే ఎండాకాలంలో ఊరి దాహమంతా నా మీద నడుస్తాందన్నమాట. కలెక్టరు కూడా నా తర్వాతే.

నన్ను చేసింది రేడియో రిపేర్ల జిలానీ. రెండు పాత ప్లగ్గులు తెచ్చి టంకం పెట్టినాడు. మూడ్రోజులు చుక్కే రాలేదు. చూస్తే బేస్ సెట్టు నోటిని కంప్యూటరు నోటికీ, చెవిని చెవికీ కట్టినాడు. ఇద్దరూ మాట్లాడతాండారు, వినేటోడు లేడు.

"అచ్చం మన కౌన్సిల్ మీటింగే" అనింది ఆపరేటర్ సుంకమ్మ.

జిలానీ నాలోని తీగలు అటూఇటూ మార్చినాడు. చుక్క వచ్చింది. ఆ పొద్దు నుంచి నాకు కుదురు లేదు. పంపుహౌసు, బోయగేరి, బైపాసు, మళ్ళీ పంపుహౌసు. చుక్క తిరిగినంతసేపూ నా ఒళ్ళంతా చీమలే. దానికి తోడు ఫోన్లు. గంటకు నాలుగొందలొస్తే, అందులో మూడొందల తొంభై కొండకింద కాలనీవే.

"అక్కా, ట్యాంకర్ యాడికొచ్చె?"

"బైపాసెక్కింది తల్లీ, బిందెలు పెట్టుకోండి."

సుంకమ్మ మాట పక్కా. తిండి ఇంకా పక్కా. గోడ గడియారం ఒకటిన్నర చూపించిందంటే టేబుల్ సొరుగు బారుగా లాగి, దాని మీదే గిన్నెలు పరుచుకుని, నలభై నిమిషాలు తింటాది. పచ్చిపులుసు వాసనకు నాక్కూడా నిద్రొస్తాది. ఓబులేసు కూడా అంతే పక్కా. ఒంటిగంటకు పంపుహౌసులో నీళ్ళు పట్టి, ఒకటిన్నరకు బైపాసు మీద ఫంక్షన్ హాల్ దాటతాడు.

ఏఈ పురుషోత్తం సార్ ఒక మధ్యాన్నం స్క్రీన్ చూసినాడు. చుక్క ఫంక్షన్ హాల్ ముందర ఆగుంది. పావుగంటకూ అక్కడే. అరగంటకూ అక్కడే. మర్నాడూ అంతే. రెండూ పదికి మాత్రం ఒక్క దూకున కొండకింద కాలనీలో ఉంటాది. నాలుగు కిలోమీటర్లు ఒక్క సెకనులో. ఆయనకు దాంట్లో వింతేమీ కనపళ్ళేదు.

"పెళ్ళోళ్ళకి నీళ్ళమ్ముకుని, మళ్ళా ఎవురికీ తెలీకుండా తోల్తాండాడు. దొంగకి ఆ మాత్రం స్పీడుంటాది" అన్నాడు.

మాట ఆఫీసు దాటింది. కాలనీ ఆడోళ్ళు ఓబులేసుకు మొహమ్మీదే చెప్పినారు. "మా బిడ్డల నీళ్ళతో పెళ్ళిళ్ళు చేయిస్తాండావా అబ్బీ?" అతను కాంట్రాక్టు మనిషి. తాళం లాక్కుంటే అడిగేవాడు లేడు.

పదకొండో రోజు ఏఈ మైకు తీసుకున్నాడు. మాటలకి నాతో పనిలేదు, అవి పెద్దన్నే చూసుకుంటాడు.

"యాడుండావ్?"

"ఫంక్షన్ హాల్ దాటి కాలనీకి పోతాండా సార్."

"దాటినావా? నా కళ్ళ ముందర అక్కడే ఉండావు. బండి తిప్పు. తాళం తెచ్చి ఇచ్చెయ్."

పది నిమిషాలకు ట్యాంకర్ కిటికీ కింద ఆగింది, తోక నుంచి నీళ్ళు కారుస్తా. ఓబులేసు లోపలికొచ్చి తాళం టేబుల్ మీద పెట్టినాడు. ఏఈ వేలు స్క్రీన్ మీదుంది.

"చూడు. ఇప్పుడు కూడా నువ్వు ఫంక్షన్ హాల్ కాడే ఉండావు."

ఓబులేసు తన చొక్కా చూసుకున్నాడు. "సార్, నేనీడుండా. బండి కిటికీ కింద ఉంది."

ఏఈ కిటికీలోంచి ట్యాంకర్ని చూసినాడు. చుక్కను చూసినాడు. మళ్ళీ ట్యాంకర్ని చూసి, "కంప్యూటరుకి నీ మీద పగేముంటాదిరా?" అన్నాడు.

సుంకమ్మ తింటాండేది ఆపింది. గిన్నె మూసి సొరుగు నెట్టింది. చుక్క ఎగిరొచ్చి ఆఫీసు మీద వాలింది. ఆమె మళ్ళీ సొరుగు లాగి, "ఓబులేసూ, తాళం తీసుకో, బండి గేటు దాకా తోలు" అనింది. ట్యాంకర్ పోయింది, చుక్క కదల్లేదు. సొరుగు మూసింది. చుక్క గేటు కాడికి దూకింది. ఆమె వంగి సొరుగు వెనక చెయ్యి పెట్టింది. అక్కడ సొరుగు చెక్కకున్న మేకుకు చుట్టుకుని నేనున్నా.

గేటు కాణ్ణుంచి తిరిగొచ్చిన ఓబులేసు వైపు చూడకుండా ఏఈ, "సరేలే పో, నీళ్ళు లేటైతాండాయ్" అన్నాడు.

"నేను పోతా సార్. ఆ ఆడోళ్ళకి ఎవురు చెప్తారు?" అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ నన్ను రెండు వైపులా పీకి, చుట్ట చుట్టి చేత పట్టుకుని ట్యాంకరెక్కింది. కాలనీలో బిందెల వరస ముందర నన్ను తోక పట్టుకుని ఎత్తింది. "మీ దొంగ ఇదో. నేను సొరుగు లాగినప్పుడల్లా దీని పిన్ను జారె. చుక్క ఎక్కడుంటే అక్కడే ఆగిపోయె. తప్పు దీందీ, నాదీ. ఓబులేసుది కాదు."

ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి నన్ను వేళ్ళతో నలిపింది. "ఇంత లేదు, ఇదా?"

నేనే అవ్వా. పిన్ను జారతాందని మొదటి రోజే తెలుసు. నోరు లేక చెప్పలేదనొచ్చు, కానీ అది సాకు. పొద్దస్తమానం పరిగెత్తే ఒంటికి ఆ నలభై నిమిషాలూ హాయిగా ఉండె. దొంగ దొంగ అని ఏఈ సార్ అరుస్తాంటే తమాషాగా కూడా ఉండె. అబద్ధం నేను చెప్పలేదు. నిన్నటి నిజాన్ని అట్టే పట్టుకుని పడుకున్నా, అంతే.

ముసలమ్మ నన్నొదిలేసి, ట్యాంకర్ కింద బిందె పట్టి ఓబులేసు చేతికిచ్చింది. "ముందు నువ్వు తాగు అబ్బీ" అనింది.