ఉక్కు తలుపు

పీచ్ పండ్ల సీసాలన్నీ నేలమాళిగలోంచి తీసి మంచం కింద పెట్టమన్నాడు నా మొగుడు లైల్. పెట్టాను. వేసవంతా పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ నిలవ పెట్టిన పండ్లవి. సుడిగాలుల భయానికి మా కాన్సాస్‌లో నేలమాళిగ లేని ఇల్లు అరుదు. మా దాంట్లో నాదంటూ ఉన్నది ఆ సీసాల గోడ ఒక్కటే. ఇప్పుడు అక్కడ తుపాకుల గది వస్తుందట. "నీ పీచ్‌లని ఎవడెత్తుకుపోతాడే?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

ఆ గదిని ఒంటి చేత్తో కట్టానని లైల్ ఊరంతా చెప్పుకుంటాడు. సిమెంటు బస్తాలు మెట్ల మీదుగా కిందికి దించింది నేను. స్కూల్ క్యాంటీన్లో పిల్లలకు వడ్డించి వచ్చి, మళ్లీ పనికి సాయమొచ్చిన అతని స్నేహితులకు వండింది నేను. వాళ్లు నమిలి ఉమ్మిన పొగాకు డబ్బాలు పారబోసిందీ నేనే. ఆ డబ్బాలు చేతికి గోరువెచ్చగా తగిలేవి.

కాంక్రీటు గోడలు లేచాయి. బ్యాంకులో ఉండేలాంటి ఉక్కు తలుపు, దానికి అంకెల తాళం. లోపల మెత్తని తివాచీ పరిచాడు. తుపాకులు తుప్పు పట్టకుండా తేమ లాగే యంత్రం పెట్టాడు. గోడకి ఇవతల నేను బట్టలుతికే మూలంతా నల్లగా బూజు. మా ఆరేళ్ల కూతురు హాడ్లీకి దగ్గు తగ్గడం లేదు, ఆ యంత్రాన్ని నాలుగు రోజులు ఇటు పెట్టమని అడిగాను. "దగ్గుకి మందుంది, తుప్పుకి లేదు" అన్నాడు. అత్తగారు ఓపల్ దగ్గర మొరపెట్టుకుంటే, మగాడన్నాక ఏదో ఒక ముచ్చట ఉంటుంది, తాగి తిరగడం లేదు కదా, సంతోషించమంది. తుపాకుల నూనె తుడిచిన నా తువ్వాళ్లను ఎన్నిసార్లు ఉతికినా ఆ కంపు పోయేది కాదు. వాటితో మొహం తుడుచుకున్నప్పుడల్లా నా బతుకు మీద నాకే రోత పుట్టేది.

అయినా ఎందుకు ఊరుకున్నానంటే, సుడిగాలి వస్తే దాక్కోవడానికి అంత గట్టి చోటు ఊళ్లోనే లేదన్నాడు. మీ కోసమే కడుతున్నానన్నాడు. నమ్మాను. తలుపు బిగించాక తాళం నంబరు అడిగాను.

"నీకు చెప్తే మీ అక్కకి చెప్తావ్. మీ అక్కకి చెప్తే ఊళ్లో దండోరా వేసినట్టే. అవసరమొస్తే నేనుంటాగా."

మే నెలలో ఒక సాయంత్రం సుడిగాలి సైరన్ మోగింది. అతను పక్క ఊళ్లో తుపాకుల సంతకు వెళ్లాడు. ఆకాశం ఆకుపచ్చగా కమిలిపోయింది. హాడ్లీని చంకనేసుకుని కిందికి పరుగెత్తాను. తాళం మీద పిల్ల పుట్టినరోజు నొక్కాను. ఎర్ర దీపం. మా పెళ్లిరోజు నొక్కాను. మళ్లీ ఎర్ర దీపమే. "తియ్యమ్మా" అని ఏడుస్తోంది పిల్ల. లైల్‌కి ఫోన్ చేశాను.

"ఇక్కడ చుట్టూ జనమున్నారే. అందరిలో చెప్పే నంబరా అది? మెట్ల కింద కూర్చోండి, ఏం కాదు. మా నాన్న వాళ్లు అలాగే బతికారు."

ఫోన్ పెట్టేశాడు.

మెట్ల కింద పిల్లని ఒడిలో దాచుకుని, దాని మీదికి వంగి కూర్చున్నాను. పైన ఏదో ఫెళ్లున విరిగింది, దుమ్మంతా నా వీపు మీద పడింది. మాకెదురుగా ఆ తలుపు చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. దాని వెనక అతని తుపాకులు తివాచీ మీద పొడిగా, హాయిగా ఉన్నాయి.

గాలి తగ్గింది. వంటింటి కప్పు సగం లేచిపోయింది. చీకటి పడకముందే లైల్ వచ్చాడు. టార్చి పట్టుకుని మెట్లు దూకుతూ దిగి, మమ్మల్ని దాటుకుని వెళ్లి, ఉక్కు తలుపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అమ్మయ్య. గీత కూడా పడలేదు."

ఆ తర్వాత మా వైపు తిరిగాడు. మీరూ బాగానే ఉన్నారుగా అని, ఏదో వరమిస్తున్నట్టు నా చెవి దగ్గరికి వంగి నంబరు చెప్పాడు. వాళ్ల నాన్నతో వెళ్లి మొదటి జింకను కొట్టిన తేదీ అట.

"గుర్తుపెట్టుకో. మీ అక్కకి మాత్రం చెప్పకు."

"చెప్పను. కానీ మేం వెళ్లేది అక్క దగ్గరికే."

అతనికి అర్థం కాలేదు, అప్పటికే తలుపు తీసుకుని తుపాకులు చూసుకుంటున్నాడు. నేను పైకి వెళ్లి, మంచం కిందున్న పీచ్ సీసాలు ఒక్కొక్కటే తీసి కారులో పేర్చుకున్నాను. ఒక్కటీ పగల్లేదు.